అభిషేక్ తెచ్చిన తువ్వాలు

పోయిన వారం రేవతి మండలాఫీసు మెట్లు దిగుతూ, మాస్కు కళ్లదాకా లాక్కుని ఏడ్చింది గుర్తుందా? ఆమె ఓడిపోయిందనుకుని కొందరు పాఠకులు నా మీద కోప్పడుతూ ఉత్తరాలు రాశారు. ఓడిపోలేదు. ఆ రోజు ఆమె గెలిచింది. గెలిచినప్పుడు కూడా ఏడ్చే మనిషి రేవతి, నేనేం చెయ్యను?

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. కరోనా వచ్చి బడులన్నిటికీ తాళాలు పడ్డాక తెల్లరాళ్లపాడులో రేవతి నడిపే సెంటర్‌కీ తాళం పడింది. సర్కారు భాషలో అది ప్రత్యేక అవసరాలు గల పిల్లల కేంద్రం. ఊళ్లో మాత్రం రేవతి టీచర్ సెంటర్ అంటారు. నడవలేని పిల్లలు, వినపడని పిల్లలు, మనం పిలిస్తే మన వంక చూడని పిల్లలు అక్కడికొస్తారు. వచ్చే నెల నుంచి తొమ్మిది, పది తరగతులు తెరుస్తామన్నారు గానీ ఈ పిల్లల ఊసు ఎవరూ ఎత్తలేదు. "టీవీలో పాఠాలు వస్తున్నాయి కదమ్మా" అన్నాడు ఒక ఆఫీసరు. వినపడని పిల్లకు టీవీ ఏం చెబుతుందో ఆయన్నే అడగాలి. రేవతి అడిగింది కూడా. అందుకే ఆమెను చూస్తే ఆఫీసుల్లో కుర్చీలు ఖాళీ అయ్యేవి.

చివరికి మండల విద్యాధికారి, అదే ఎం.ఈ.ఓ. త్రికోటేశ్వరరావు గారు దొరికారు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి జబ్బు అంటించుకుంటే పేపర్లో తన పేరు వస్తుందని ఆయన భయం. "నేనే వచ్చి చూస్తానమ్మా. ముందు ఆ లారీ డ్రైవర్ ఇంటికే వస్తా. వాళ్లబ్బాయి కుదురుగా కూర్చుంటాడని నాకు నమ్మకం కలిగితే సోమవారం సెంటర్ తాళం తీయిస్తా" అన్నారు. ఆ లారీ డ్రైవర్ నరసింహమే, "నా కొడుకు మనిషి కాదా సారూ?" అని ఆఫీసు వరండా అదిరిపోయేట్టు అరిచినవాడు. కొడుకు పేరు అభిషేక్. ఆటిజం ఉన్న పిల్లాడు.

ఈ రోజు శుక్రవారం. ఎం.ఈ.ఓ. గారు వచ్చే రోజు.

రేవతి గురజాల నుంచి స్కూటీ మీద పొద్దున్నే బయల్దేరింది. ఆయన రాకముందే పిల్లాడికి అన్నీ ఒకసారి గుర్తుచెయ్యాలని ఆమె ఆత్రం. దాచేపల్లి వైపు సిమెంటు లారీలు తిరిగే రోడ్డు కదా, ఊరు చేరేసరికి దుమ్ముకు ఆమె నల్లమాస్కు కాస్తా తెల్లమాస్కు అయింది.

నరసింహం ఇల్లు రోడ్డు మీదికే ఉంటుంది. నాపరాళ్లు నిలబెట్టి కట్టిన ప్రహరీ, ఇనుప గేటు. గేటు కమ్మీలు పట్టుకుని అభిషేక్ నిలబడి ఉన్నాడు. యూనిఫాం వేసుకున్నాడు, భుజాన బ్యాగు ఉంది. ప్యాంటు పిక్కల మీదికి ఎక్కింది. బడి మూశాక వాడికి బట్టలు పొట్టివైపోయాయి గానీ వాడి అలవాటు మాత్రం పోలేదు. రోజూ తెల్లారగానే తయారై గేటు దగ్గర నిలబడతాడు. ఎవరూ తీసుకెళ్లరు. ఎండ ముదిరేదాకా చూసి, తన చెయ్యి తనే కొరుక్కుంటాడు.

రేవతి స్కూటీ దిగి, చుట్టూ చూసి, మాస్కు కిందికి లాగింది. రూలు రూలే, కానీ మాస్కు ఉంటే అభిషేక్ ఆమెను ఆనవాలు పట్టడు. ఆమె ముఖం కనపడగానే వాడు గేటు వదిలి ఆమె చున్నీ అంచు పట్టుకున్నాడు.

"నీళ్లు కావాలా అభీ? నీళ్లు?" అంది.

వాడు పలకలేదు. ఆ మాట వాడికి వచ్చు. ఏడాది పైగా కష్టపడి, గ్లాసు చూపించి చూపించి రేవతి నేర్పిన ఒకే ఒక మాట అది. మార్చిలో సెంటర్ మూసేనాటికి దాహమేస్తే "నీళ్లు" అని తనంతట తనే అనేవాడు. ఎండాకాలం గడిచేలోపు ఆ మాట పోయింది. ఈ సోమవారం తాళం తీయకపోతే ఇంకేం పోతాయో రేవతికి తెలుసు. ఆమె ఇన్నాళ్లు తిరిగింది ఆ ఒక్క మాట కోసమే అంటే అతిశయోక్తి కాదు.

"రండి మేడమ్, రండి" అంటూ అన్నపూర్ణ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అభిషేక్ తల్లి. కూలి పనులకు పోయే మనిషి, ఈ రోజు మానేసింది. ముఖం కళకళలాడుతోంది. "ఎం.ఈ.ఓ. సారు ఎప్పుడొచ్చినా మాకేం భయం లేదు. మీరు ఫోన్లో చెప్పిందే రోజూ చేయిస్తన్నాం. చూద్దురుగానీ రండి."

వసారాలో గోడవారగా ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, దాని ముందు చిన్న బల్ల, బల్ల మీద పూసల డబ్బా. సెంటర్లో ఎలా ఉండేదో అచ్చం అలాగే. రేవతికి ముచ్చటేసింది. నరసింహం ఆ పక్కనే నిలబడి ఉన్నాడు. ఈ పూటకు లారీని బావమరిది చేతికిచ్చి, ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్లివారిలా తయారయ్యాడు. సెంటర్లో ఆయాగా పనిచేసే శ్యామల కూడా ముందే వచ్చి గేటు పక్కన అరుగు మీద కూర్చుంది. ఆమెది పక్క వీధే. సెంటర్ మూశాక పత్తి తీతలకు పోతోంది. తాళం తీస్తే మళ్లీ పిల్లల దగ్గరికి రావొచ్చని ఆమె ఆశ.

"ఏమే, మొదలెట్టు" అన్నాడు నరసింహం.

"అభీ, బడి" అంది అన్నపూర్ణ.

అభిషేక్ బ్యాగు విప్పి మేకుకు తగిలించాడు. చెప్పులు జతగా పెట్టాడు. బ్యాగులోంచి ఒక తువ్వాలు తీశాడు. ఎర్ర గళ్లది, ఉతికి ఉతికి మెత్తబడింది. దాన్ని ఒకసారి ముక్కుకు ఆనించుకుని, తల్లి చేతిలో పెట్టి, కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ పైకెత్తాడు. చొక్కా తొడగమని పిల్లలు ఎత్తుతారే, అలా.

అన్నపూర్ణ ఆ తువ్వాలును వాడి నడుము చుట్టూ తిప్పి, కుర్చీ వెనకాల రెండు ముళ్లు వేసింది. వాడు చేతులు దించి పూసల డబ్బా తెరిచాడు.

రేవతికి మొదట ఏమీ అర్థం కాలేదు. ఏదో నడుం పట్టీ అనుకుంది. ముడి చూశాక తెలిసింది.

"ఏంటిది అన్నపూర్ణా?"

"ఏంది మేడమ్?"

"ఈ కట్టడం ఏంటి?"

అన్నపూర్ణ ముఖంలో కళ తగ్గలేదు. "బడి పద్ధతి కదా మేడమ్. ముడి వెయ్యందే వాడు పని మొదలెట్టడు."

"ఎవరు చెప్పారు నీకు ఇది పద్ధతని?"

"మీరే కదా!" అన్నపూర్ణ ఇప్పుడు కొంచెం తడబడింది. "సెంటర్లో ఏది ఎట్టా జరిగేదో ఇంట్లో అట్టాగే జరపండి, వరస మారిస్తే వాడు తట్టుకోలేడు అని ఫోన్లో ఎన్నిసార్లు చెప్పారు. కుర్చీ వేసి పూసలు పెట్టా. వాడు పోయి సెంటర్ నుంచి వచ్చిన బ్యాగులోంచి తువ్వాలు తెచ్చి ఇచ్చి, చేతులెత్తాడు. ఓహో, అక్కడ ఇట్టా చేస్తారు కాబోలు అనుకున్నా. తువ్వాలు చూస్తే ఈయనది. ఎప్పుడో పిల్లగాడు దాచుకున్నాడేమో అనుకున్నా."

రేవతి వంగి ఆ ముడిని దగ్గరగా చూసింది. ఆ సలహా ఇచ్చింది తనే. మంచి సలహా కూడాను, పుస్తకాల్లో ఉన్నదే. కానీ సెంటర్లో ఈ పని జరిగేదని తనకు తెలియదు. తను ఉన్నప్పుడు ఎన్నడూ జరగలేదు. మరి వాడు ఎక్కడ నేర్చుకున్నాడు? ఆమె చూపు తనంతట అదే గేటు వైపు, అరుగు మీద కూర్చున్న శ్యామల వైపు తిరిగింది.

సరిగ్గా అప్పుడే అభిషేక్ పూసల నుంచి తలెత్తకుండా అన్నాడు. "నీళ్లు."

రేవతి వెనక్కి తిరిగింది. వాడు మళ్లీ అన్నాడు. "నీళ్లు."

"కుర్చీలో ఉంటే అంటాడు మేడమ్" అంది అన్నపూర్ణ గ్లాసు అందిస్తూ, గర్వంగా. "ముడి ఇప్పితే అనడు. మీకు చెప్దామనుకున్నా. మీరొచ్చినప్పుడు చూసి సంతోషపడతారని దాచిపెట్టా."

ఇన్ని నెలలు ఏ మాట కోసం తిరిగిందో ఆ మాట చెవిన పడితే రేవతి ఎగిరి గంతెయ్యాలి. ఆమె ఎగరలేదు. సంతోషమో భయమో తెలియలేదు. గబగబా గేటు దగ్గరికి నడిచింది.

"శ్యామలమ్మా, ఆ తువ్వాలు సంగతేంటి?"

శ్యామల బుకాయించే రకం కాదు. అరుగు దిగి నిలబడింది. "కట్టానమ్మా. నేనే కట్టా. దానికేంది?"

"దానికేంది అంటావా! పిల్లాడిని కుర్చీకి కడతారా ఎవరైనా?"

"మరేం చెయ్యమంటారు? మంగళారం, గురువారం మీరు మంచం మీదున్న పిల్లల ఇళ్లకు పోతారు. నేనొక్కదాన్నే. ఒక పిల్లకి బట్టలు మార్చాల, ఇంకొకడికి అన్నం తినిపించాల. ఈడేమో కన్ను తిప్పితే గేటు దాటతాడు. బయటేమో లారీలు. గేటుకి గొళ్లెం లేదని మీకు చెప్పానా లేదా?"

చెప్పింది. రేవతి సెంటర్ ఉన్న బడి హెడ్మాస్టర్‌కు చెప్పింది. ఆయన పైకి రాశానన్నాడు. పైన ఎవరు చదివారో ఆ పైవాడికే తెలియాలి. గొళ్లెం మాత్రం రాలేదు. బజార్లో కొని తనే పెట్టించి ఉండాల్సిందని ఇప్పుడు అనిపించి రేవతికి మరింత కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు, కాబట్టి ఎదురుగా ఉన్న మనిషి మీదే చూపించింది.

"గొళ్లెం లేకపోతే కట్టేస్తావా? అది నేరం శ్యామలమ్మా. ఉద్యోగాల సంగతి పక్కన పెట్టు. ఆ పిల్లాడి మనసు ఏమవుతుంది?"

"నేరమా!" శ్యామల నిజంగానే ఆశ్చర్యపోయింది. "నా ఇద్దరు పిల్లల్నీ మంచం కోడుకి చీరపేలికతో కట్టేసే మిరపకోతలకి పోయా. కట్టకపోతే పొయ్యిలో పడేవోళ్లు, లేదంటే నీళ్ల తొట్లో పడేవోళ్లు. వాళ్ల మనసులు ఏమైనయ్యి? ఒకడు వినుకొండలో కరెంటు పని చేస్తన్నాడు, పిల్ల సంసారం చేసుకుంటంది. ఈ ఊళ్లో కూలికి పోయే ఆడది బిడ్డని కట్టకుండా పోయిందా? అన్నపూర్ణని అడగండి."

అన్నపూర్ణ తల వంచుకుంది. ఆమె కూడా కట్టే పోయింది. అందుకే ఆ తువ్వాలు చేతిలో పెట్టినప్పుడు ఆమెకు వింతగా తోచలేదు.

రేవతికి వాళ్లమ్మ గుర్తొచ్చింది. గురజాలలో ఏ పెళ్లిలో నలుగురు కూడినా అమ్మ ఆ కథ చెప్పాల్సిందే. "మా రేవతికి నడుముకి పాతచీర కట్టి మంచానికి ముడేసేదాన్ని. ఆ గుడ్డ ఎంత దూరం వస్తే అంత దూరం పాక్కుంటా పోయి, గడప దగ్గర ఆగి, అక్కడే నిద్రపోయేది" అని. అందరూ నవ్వేవాళ్లు. రేవతి కూడా నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు. పసిపిల్ల వేరు, బడికొచ్చే పిల్లాడు వేరు అని తనకు తను చెప్పుకుంది. తేడా ఉంది, తప్పకుండా ఉంది. కానీ ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటే ఆ క్షణాన ఆమెకు చేతకాలేదు.

ఇంతలో వెనక నుంచి నరసింహం గొంతు లేచింది. మండలాఫీసు వరండాను అదరగొట్టిన గొంతే.

"నా కొడుకుని గొడ్డుని కట్టేసినట్టు కట్టేశావా అక్కా? వాడి కోసం ఆఫీసుల చుట్టూ కుక్కలా తిరిగితే, నువ్వు చేసింది ఇదా?"

శ్యామల అతని వంక చూసింది. రేవతి కోప్పడినప్పుడు రాని నీళ్లు ఇప్పుడు ఆమె కళ్లలో తిరిగాయి.

"తమ్ముడూ, ఆ మాట నువ్వనకూడదు" అంది.

"ఎందుకనకూడదు? నేను తండ్రిని!"

"నువ్వు తండ్రివనేగా నీ మాట విన్నా. ఆ తువ్వాలు నా చేతికి ఎట్టా వచ్చిందో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఇస్త్రీ చొక్కా లోపల నరసింహం చిన్నవాడైపోయినట్టు కనిపించాడు. అన్నపూర్ణ మొగుడి వంక, శ్యామల వంక మార్చి మార్చి చూసింది.

"ఏంది? నాకు తెలవనిది ఏందది?"

నరసింహం వసారా స్తంభానికి ఆనుకుని, నేల వంక చూస్తూ చెప్పాడు. అరిచే మనిషి మెల్లగా మాట్లాడితే వినడం కష్టం. అందరూ దగ్గరికి జరిగారు.

"నిరుడు దసరా సెలవులు అయినాక. సిమెంటు లోడుతో పోతన్నా. సెంటర్ దగ్గరికి రాగానే హారన్ కొట్టా. ఎప్పుడూ కొడతా. లోపల మావాడు ఉంటాడుగా, నాన్న పోతన్నాడని తెలవాలని. కొట్టి మలుపు తిరిగా. ఎదురుగా తెల్లచొక్కా. బ్రేకు మీద నిలబడ్డా. దిగి చూస్తే..." అతను ఆగాడు. "బంపర్ వాడి చొక్కాకి తగులుతా ఉంది. నా వంక చూసి నవ్వుతన్నాడు, అన్నపూర్ణా. హారన్ విని నాకోసమే వచ్చాడు. నవ్వుతా నిలబడ్డాడు."

వసారాలో అభిషేక్ పూస మీద పూస ఎక్కిస్తున్నాడు.

"అక్క పరిగెత్తుకుంటా వచ్చింది. నా భుజం మీద తువ్వాలు తీసి ఆమె చేతిలో పెట్టా. కట్టెయ్ అక్కా, నీ కాళ్లకి దండం పెడతా, ఎవరికీ చెప్పొద్దు, అన్నపూర్ణకి అసలే చెప్పొద్దు అన్నా. మళ్లీ ఆ రోడ్డులో ఏనాడూ హారన్ కొట్టలా."

"నాకు చెప్పొద్దని!" అన్నపూర్ణ గొంతు కీచుగా వచ్చింది. "కన్నతల్లికి చెప్పొద్దని! నా బిడ్డ లారీ కింద పడబోతే నాకు చెప్పొద్దని! నేనేమో బడి పద్ధతి అనుకుని రోజూ నా చేతుల్తో నేనే... ఇట్టాంటి బడి నాకొద్దు. ఆ తాళం తీసేది లేదు, నా బిడ్డ గడప దాటేది లేదు."

ఆమె వసారాలోకి పరిగెత్తి, కుర్చీ వెనక చేరి ముడి విప్పబోయింది. అభిషేక్ ఆమె వేళ్లను విదిలించాడు. ఆమె మళ్లీ పట్టుకుంది. వాడు గట్టిగా అరిచి, తువ్వాలు అంచు లాక్కుని ముఖానికి అదుముకున్నాడు. అదుముకుని వాసన చూశాడు. చూస్తూ ఊరుకున్నాడు.

రేవతి అక్కడే నిలబడిపోయింది. వాడు అడుగుతున్నది కట్టమనా? లేక ఆ తువ్వాలులో నాన్న వాసన ఉందనా? కట్టినందుకు మాట వచ్చిందా, నాన్న దగ్గరున్నట్టు అనిపించి మాట వచ్చిందా? వాడు చెప్పలేడు. ఇన్నేళ్ల చదువు చదివి తనూ చెప్పలేకపోతోంది. శ్యామలను తిట్టాలా, దండం పెట్టాలా తెలియడం లేదు. నరసింహం అబద్ధమాడాడు, కానీ అతని స్థానంలో ఉంటే తనేం చేసేది? బుర్రంతా గజిబిజి అయిపోయింది. అందరూ తనను కాసేపు ఒంటరిగా వదిలేస్తే బాగుండుననిపించింది.

వదిలేస్తారా? గేటు కిర్రుమంది.

త్రికోటేశ్వరరావు గారు. మాస్కు మీద మాస్కు, ఆ పైన ముఖానికి ప్లాస్టిక్ అద్దం, చేతిలో శానిటైజర్ సీసా. గేటు కమ్మీ ముట్టుకున్నందుకు చేతులు రుద్దుకుంటూ లోపలికి వచ్చారు. రుద్దుకునే హడావుడిలో గేటు వెయ్యలేదు.

"నమస్కారమమ్మా. ఎవరూ దగ్గరికి రాకండి. ఏడీ మన కుర్రాడు?"

అన్నపూర్ణ కుర్చీ వెనక నుంచి పక్కకు జరిగింది. ఎం.ఈ.ఓ. గారు వసారా మెట్టు కిందే నిలబడి తొంగి చూశారు. అక్కడి నుంచి చూస్తే ముందు బల్ల, బల్ల వెనక యూనిఫాం వేసుకుని వంచిన తల ఎత్తకుండా పూసలు గుచ్చుతున్న పిల్లాడు. తువ్వాలు కనపడదు.

"అబ్బ! ఎంత బుద్ధిమంతుడమ్మా!" అన్నారాయన. గొంతులో నిజమైన సంతోషం. "నేనేదో అనుకున్నా. మా మనవడు రెండు నిమిషాలు ఒకచోట కూర్చోడు, పైగా వాడికి ఏ జబ్బూ లేదు. ఇదంతా మీ ట్రైనింగేనా మేడమ్?"

"సార్..." అంది రేవతి.

"ఇంకేం చెప్పొద్దు. నేను ఒప్పుకుంటున్నా. సోమవారం తాళం తీయిద్దాం. ఒక్క మాట మాత్రం మీ నోటితో వినాలి. పిల్లలందరూ ఇట్లాగే కుదురుగా ఉంటారని మీరు పూచీ ఇవ్వగలరా?"

అవునంటే చాలు. మూడక్షరాల మాట. దానికోసం ఆమె ఎండనకా వాననకా తిరిగింది. అవునంటే సెంటర్ తెరుచుకుంటుంది, ఆ తువ్వాలుతో సహా. కాదంటే ఆయన ఇక ఈ గడప తొక్కరు, రేపు వేరే ఆఫీసరు వచ్చినా ఈ కథ విని తలుపు మూసుకుంటాడు. నరసింహం చేతులు జోడించి ఆమె వంకే చూస్తున్నాడు, అనమని. అన్నపూర్ణ తల అడ్డంగా ఊపుతోంది, అనొద్దని. శ్యామల ముఖం తిప్పుకుని గేటు వైపు వెళ్లి నిలబడింది.

"సార్, నేను మీకొక విషయం చెప్పాలి" అంది రేవతి.

ఏ విషయమో, ఎలా చెప్పాలో ఆమె ఇంకా అనుకోలేదు. అనుకునే వ్యవధి కూడా దొరకలేదు. రోడ్డు మీద లారీ హారన్ మోగింది. సన్నాయి గొంతుతో ముందు సన్నగా, తర్వాత బొంగురుగా మోగే హారన్. ఆ రోడ్డులో అలాంటిది ఒక్క లారీకే ఉంది. బండి తోలుతున్న బావమరిదికి పాపం ఏమీ తెలియదు. బావ ఇంటి ముందు నుంచి పోతున్నాడు కదా, పలకరింపుగా కొట్టాడు.

అభిషేక్ తలెత్తాడు. ముఖమంతా నవ్వు. తండ్రి ఎదురుగానే నిలబడి ఉన్నాడు, కానీ వాడికి నాన్న అంటే ఆ హారన్.

వాడు లేచాడు. కుర్చీ కూడా లేచింది.

బల్ల పక్కకు పడింది. పూసలు నేలంతా దొర్లాయి. ఎర్ర కుర్చీ వీపున వేలాడుతుంటే వాడు మెట్టు దిగి, ఎం.ఈ.ఓ. గారిని రాసుకుంటూ, తెరిచిపెట్టిన గేటు వైపు పరిగెత్తాడు. నరసింహం "ఒరేయ్!" అని అరిచాడు గానీ కాళ్లు కదల్లేదు. అన్నపూర్ణ కొంగు కాలికి చుట్టుకుని తూలింది. గేటు పక్కనున్న శ్యామల ఒక్క దూకు దూకి, వాడి చొక్కా అందక, కుర్చీ కోడు పట్టుకుంది.

తువ్వాలు బిగిసింది. వాడు ఆగాడు.

లారీ వాళ్ల ముందు నుంచే పోయింది. తెల్లదుమ్ము అందరి మీదా పడింది.

శ్యామల కుర్చీ కోడు వదలకుండా రొప్పుతోంది. ముడి సడలి తువ్వాలు జారింది, కుర్చీ కింద పడింది. నరసింహం మట్టిలో చతికిలబడి మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. అన్నపూర్ణ గేటు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది. ఏడుస్తోంది గానీ ఇందాకటిలా బడి వద్దనడం లేదు.

త్రికోటేశ్వరరావు గారు ముఖానికున్న అద్దం తీసేశారు. మాస్కు కూడా కిందికి లాగారు. దగ్గరికి రావొద్దన్న మనిషి నాలుగడుగులు వేసి రేవతి ఎదురుగా నిలబడ్డారు. కింద పడిన కుర్చీని, గేటును, తన చేతిలో శానిటైజర్ సీసాను చూసుకున్నారు.

"గేటు వెయ్యనిది నేనే కదా" అన్నారు మెల్లగా. ఆ తర్వాత, "వాడిని కట్టేశారు" అన్నారు.

"నాకేమీ అర్థం కావడం లేదు మేడమ్. ఇన్నాళ్లూ మీరు నన్ను నిలదీశారు. ఇప్పుడు నేను మిమ్మల్ని అడుగుతున్నా. మీరేమంటే అదే చేస్తా. తెరవమంటారా? వద్దంటారా?"

రేవతి దగ్గర సమాధానం ఉండేది. నిన్నటిదాకా ఉండేది.

అభిషేక్ రోడ్డు వైపు కాసేపు చూశాడు. నాన్న లారీ దిగి రాలేదు. వాడు వంగి దుమ్ములో పడిన తువ్వాలు తీసుకున్నాడు, కుర్చీని నిలబెట్టాడు. తల్లిని దాటి, తండ్రిని దాటి, శ్యామలను దాటి వచ్చాడు. తువ్వాలు రేవతి చేతిలో పెట్టి, రెండు చేతులూ పైకెత్తాడు.